పాట ఆగిన చోట ఏం జరుగుతోంది? ఒపేరా హౌస్‌ల నిర్వాహకులకు, దర్శకులకు బహిరంగ లేఖ

ఒపేరా హౌస్‌లను నడిపే పెద్దలకు, స్టేజీ దర్శకులకు నమస్కారం.

కొత్త సీజన్ వివరాలు మీరు ప్రకటించిన ప్రతిసారీ అదే పేచీ మొదలవుతుంది. పాత కాలం కథను ఆఫీసులోకో ఆస్పత్రిలోకో మార్చారని తెలియగానే కొందరు మండిపడతారు. వెల్వెట్ గౌన్లు, రాతి స్తంభాలు కనిపిస్తే ఇంకొందరు ఇది మ్యూజియం అని పెదవి విరుస్తారు. మీరు కూడా ఈ రెండు వర్గాలనే దృష్టిలో పెట్టుకుని, వీళ్లకో రెండు వాళ్లకో రెండు అన్నట్టు సీజన్‌ను పంచుతున్నారు. కథంతా పాటల్లో నడిచే ఒపేరాను ప్రాణంగా చూసుకునే ప్రేక్షకుడిగా నాకు ఈ పంపకం నచ్చడం లేదు. సెట్టు ఏ శతాబ్దానిదో చూసి ప్రదర్శన బాగోగులు తేల్చలేం. నేను చూసేది వేరే చోట. గాయకులు పాడటం ఆపి, ఆర్కెస్ట్రా ఒక్కటే మాట్లాడుతున్నప్పుడు స్టేజీ మీద ఏం జరుగుతోంది? దర్శకుడు స్కోరు (సంగీతమంతా రాసి ఉన్న ప్రతి) చదివాడా, లేక కథ సారాంశం చదివి ఊరుకున్నాడా అన్నది ఆ కాసేపట్లో బయటపడిపోతుంది. దర్శకులను ఎంచుకునేటప్పుడు, ఒక ప్రొడక్షన్‌ను ఉంచాలా తీసేయాలా అని తేల్చుకునేటప్పుడు మీరు కూడా ముందుగా అక్కడ చూడాలని అడగడానికే ఈ లేఖ.

సంగీతకర్త పుచ్చీని ఒపేరా 'టోస్కా' రెండో అంకం చివర తీసుకోండి. రోమ్ పోలీసు అధికారి స్కార్పియాను టోస్కా అతని భోజనాల బల్ల మీది కత్తితోనే పొడిచి చంపుతుంది. అతను చచ్చాక ఆమెకు ఇక పాట లేదు. చచ్చాడు, ఇక క్షమిస్తున్నానని ఒక మాట, రోమ్ నగరమంతా వణికింది ఇతని ముందేనా అన్న అర్థం వచ్చే ఒక వాక్యం ఉన్నాయి, అంతే. మిగతాదంతా పుచ్చీని స్కోరులో ఒక్కో పనిగా రాసిపెట్టాడు. ఆమె వేళ్లు కడుక్కుంటుంది. అద్దంలో చూసుకుంటూ జుట్టు సర్దుకుంటుంది. ఊరు దాటడానికి రాయించుకున్న అనుమతి పత్రం కోసం అటూ ఇటూ వెతుకుతుంది. అది శవం పిడికిట్లో ఉంది, లాక్కుంటుంది. వెళ్లబోయినదల్లా ఆగి, రెండు కొవ్వొత్తులు తెచ్చి అతని తలకు అటొకటి ఇటొకటి పెడుతుంది. గోడకున్న శిలువను తీసి ఛాతీ మీద ఉంచుతుంది. దూరంగా డ్రమ్ములు మోగుతాయి. తలుపు మూసుకుని వెళ్లిపోతుంది. ఆర్కెస్ట్రా ఈ ఒక్కో పనికీ ఆమె వెన్నంటే ఉంటుంది. మొదటి అంకంలో చర్చికి పూలు తెచ్చి మేరీమాత పాదాల దగ్గర పెట్టింది ఈ మనిషే. ఆ భక్తి, ఈ హత్య రెండూ ఒకే మనిషివని మనకు తెలిసేది ఆ కొవ్వొత్తుల దగ్గరే. అందుకు ఏ పాటా అక్కర్లేకపోయింది.

2009 సెప్టెంబర్‌లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరా, ఫ్రాంకో జెఫిరెల్లి 1985లో చేసిన 'టోస్కా'ను పక్కనపెట్టి లూక్ బోండీ దర్శకత్వంలో కొత్తది తెచ్చింది. అందులో కొవ్వొత్తులు లేవు, శిలువ లేదు. టోస్కా సోఫా మీద వాలి విసనకర్రతో విసురుకుంటుంది. తొలి రాత్రి దర్శక బృందం తెర ముందుకు రాగానే హాలంతా 'బూ' అనే నిరసన కేకలతో మోతెక్కింది. దీన్ని అప్పట్లో ఆధునికులకూ సంప్రదాయవాదులకూ మధ్య యుద్ధంగా చూశారు. నా దృష్టిలో అది యుద్ధం కానే కాదు. కొవ్వొత్తులు పెట్టకపోవడం నేరమని నేను అనను. హత్య చేశాక ఒళ్లు తెలియని స్థితిలో కూర్చుండిపోయిన ఆడమనిషిని చూపించాలనుకోవడం మంచి ఆలోచనే. కానీ ఆర్కెస్ట్రా అడుగులు వేస్తోంది, వెతుకుతోంది, వెనక్కి తిరుగుతోంది. ఆమె మాత్రం కదలదు. పుచ్చీని ఇచ్చిన పనులు తీసేసినప్పుడు, అంత బరువున్న మరో పనిని ఆ సంగీతానికి అందించాలి కదా? అది జరగలేదు. 2017 డిసెంబర్ 31న డేవిడ్ మెక్‌వికార్ చేసిన మరో 'టోస్కా' అక్కడికి వచ్చింది, రోమ్ కట్టడాలన్నీ అచ్చంగా దించిన సెట్లతో. అంటే ఒక పెద్ద ప్రొడక్షన్ కట్టి, ఎనిమిదేళ్లకే పక్కనపెట్టి, ఇంకొకటి కట్టారు. బోండీని కూర్చోబెట్టి ఆ కాసేపటి గురించి రిహార్సల్స్‌లోనే గట్టిగా వాదించే వాళ్లుంటే ఇంత దూరం వచ్చేదా అనిపిస్తుంది నాకు.

సంప్రదాయం వైపు నిలబడే మిత్రులు ఇది చదివి సంతోషిస్తారేమో. వాళ్లతోనూ నాకు మాటలున్నాయి.

మనం 'సంప్రదాయం' అంటున్నది చాలా సందర్భాల్లో సెన్సారు పెట్టిన ముద్ర. సంగీతకర్త వెర్డీ 'లా ట్రావియాటా'ను తన కాలం కథగా, తన కాలం దుస్తుల్లో చూపించాలనుకున్నాడు. 1853లో వెనిస్ లా ఫెనీచె థియేటర్‌లో అందుకు ఒప్పుకోలేదు, కథను 1700 ప్రాంతానికి నెట్టేశారు. ఎదురుగా కూర్చున్న పెద్దమనుషులకు తమ ముఖాలే స్టేజీ మీద కనపడాలని రాసిన ఒపేరా అది. వెర్డీదే అయిన 'రిగొలెట్టో'లో ఫ్రాన్స్ రాజు మాంటువా డ్యూక్‌గా మారింది సెన్సారు వల్లే. 'ఉన్ బాల్లో ఇన్ మాస్కెరా'లో స్వీడన్ రాజు హత్య అట్లాంటిక్ దాటి బోస్టన్‌కు చేరింది కూడా అందుకే. కథను వేరే ఊరికి, వేరే కాలానికి మార్చడం నిన్న మొన్న దర్శకులు కనిపెట్టిన పెంకితనం ఏమీ కాదు. ఈ విషయం తెలిసి కూడా 'వెర్డీ కోరిక' పేరుతో పాత గౌన్ల కోసం కొట్లాడితే వెర్డీకే అన్యాయం చేసినట్టు.

సంగీతకర్త వాగ్నర్ తన ఒపేరాల కోసం జర్మనీలో కట్టించిన బైరాయిట్ థియేటర్ కథ ఇంకా చిత్రమైనది. 1882లో 'పార్సిఫాల్' తొలి ప్రదర్శనకు గుర్నెమాంజ్, పార్సిఫాల్ అనే పాత్రలు అడవి నుంచి పవిత్రమైన గిన్నె గ్రెయిల్ ఉన్న మందిరానికి నడుస్తున్నట్టు కనపడటానికి, వెనకాల రంగులు వేసిన పొడవాటి తెరను చుట్టలుగా తిప్పే ఏర్పాటు చేశారు. రిహార్సల్స్‌లో చూస్తే వాగ్నర్ రాసిన సంగీతం అయిపోయింది, తెర ఇంకా తిరుగుతూనే ఉంది. సహాయకుడిగా ఉన్న హంపర్‌డింక్ కొన్ని బార్లు (తాళం లెక్కలో సంగీతపు చిన్న భాగాలు) అదనంగా రాసి ఆ ఖాళీ పూరించాడు. తర్వాత వాటిని తీసేశారు. యంత్రానికీ సంగీతానికీ మధ్య కొన్ని బార్ల తేడా వస్తేనే ఆగి సరిచేసుకున్నారు, చూడండి. ఆ శ్రద్ధను వదిలేసి, ఆ సెట్లను మాత్రం యాభై ఏళ్లకు పైగా పట్టుకుని వేలాడారు తర్వాతి తరం వాళ్లు. 1930లలో కొత్త సెట్ల మాట ఎత్తితే, మాస్టర్ వాగ్నర్ చూపు తాకిన సెట్లు ఇవి, ముట్టుకోవద్దని సంతకాలు సేకరించారు. చివరికి 1934లో ఆల్ఫ్రెడ్ రోలర్ సెట్లు వచ్చాయి. వాగ్నర్ మనవడు వీలాండ్ 1951లో ఆ స్టేజీ మీది అట్టలన్నీ తుడిచిపెట్టి, దాదాపు ఖాళీ వేదికనూ వెలుగునూ మాత్రమే మిగిల్చాడు. కొందరికి అది అపచారం. ఇవాళ అదే గొప్ప సంప్రదాయంగా పాఠాల్లో చేరింది.

అక్కడే 1976లో, వాగ్నర్ నాలుగు ఒపేరాల వరస 'రింగ్' వందేళ్ల పండగకు దర్శకుడు పాట్రిస్ షెరో, ఆర్కెస్ట్రాను నడిపే కండక్టర్ పియర్ బూలెజ్ వచ్చారు. ఆ వరసలో మొదటిదైన 'రైన్‌గోల్డ్' మొదట్లో 136 బార్ల పాటు ఒకే ఒక్క శ్రుతి, ఇ ఫ్లాట్ మేజర్, అడుగు నుంచి మెల్లగా లేచి ఉప్పొంగుతుంది. నది పుడుతున్నట్టు ఉంటుంది వింటే. తెర తీస్తే షెరో చూపించింది ఒక జలవిద్యుత్ ఆనకట్ట. రైన్ నది అడుగున జలకన్యలు ఈదాలని వాగ్నర్ రాశాడు, ఆనకట్ట ఊసు ఎక్కడా లేదు. జనం ఈలలు వేశారు, కరపత్రాలు పంచారు, హాల్లో తోపులాట దాకా వెళ్లింది. కానీ ఒకసారి కళ్లు మూసుకుని ఆ సంగీతం వినండి. అది నీటి అందం గురించి మాత్రమే మాట్లాడదు. అణచిపెట్టిన శక్తి ఒకటి పేరుకుంటూ పోవడం అందులో వినపడుతుంది. బంగారాన్ని దోచుకోవడంతో మొదలయ్యే కథకు, నదిని అప్పటికే మనిషి లొంగదీసుకున్నాడని చూపించడం ఆ బార్లలోంచి పుట్టిన ఆలోచన. ప్రతి ఏడూ ఆ ప్రొడక్షన్‌కు పని చేస్తూ, సరిచేస్తూ వెళ్లారు. 1980లో చివరి ప్రదర్శనకు అదే హాలు చాలాసేపు చప్పట్లు ఆపలేదు. నిర్వాహకులుగా మీరు ఇక్కడ ఒకటి గమనించాలి. మొదటి ఏడు గొడవకు బెదిరి ఆపేసి ఉంటే ఆ చప్పట్లు ఉండేవి కావు. ఐదు వేసవులు ఓపిక పట్టిన సంస్థ వల్లే అది సాధ్యమైంది.

మారిన కాలం అద్భుతంగా అతికిన సందర్భం నాకు తోచేది జోనాథన్ మిల్లర్ 1982లో ఇంగ్లిష్ నేషనల్ ఒపేరాకు చేసిన 'రిగొలెట్టో'. మాంటువా కాస్తా న్యూయార్క్ మాఫియా పేట అయింది. డ్యూక్ బార్‌లోకి వచ్చి జూక్‌బాక్స్‌లో నాణెం వేస్తాడు, 'లా దొన్నా ఎ మొబిలె' మొదలవుతుంది. నవ్వొస్తుంది, నిజమే. కానీ ఆ పాట ఒపేరాలో డ్యూక్ మనసులోని మాట కాదు. అందరి నోళ్లలో నానే పాటను అతను సరదాగా అందుకుంటాడు. అందుకే చివరి అంకంలో అంత పని చేస్తుంది: తాను డబ్బిచ్చి చంపించిన డ్యూక్ శవమే గోనెసంచిలో ఉందనుకుని నదిలో పారేయబోతున్న రిగొలెట్టోకు, దూరంగా అదే పాట అదే గొంతుతో వినపడుతుంది. కోటలూ టోపీలూ లేకపోయినా ఆ ప్రొడక్షన్ దశాబ్దాల పాటు మళ్లీ మళ్లీ స్టేజీ ఎక్కింది.

విల్లీ డెకర్ 2005లో సాల్జ్‌బర్గ్‌లో చేసిన 'లా ట్రావియాటా' కూడా చెప్పాలి. వంపు తిరిగిన తెల్లటి గోడ, ఒక పెద్ద గడియారం, సోఫా. అంతే. మొదట, పాటలకు ముందు వాద్యాలు మాత్రమే మోగే ప్రెలూడ్‌లో వయొలిన్లు సన్నగా, పై స్వరాల్లో ఎత్తుకునే సంగీతమే మూడో అంకంలో కథానాయిక వియొలెట్టా చావు మంచం దగ్గర తిరిగొస్తుంది. అంటే వెర్డీ తెర లేవకముందే ఆమె చావును వినిపిస్తున్నాడు. డెకర్ ఆ మాట విన్నాడు. ప్రెలూడ్ సాగుతుండగా గడియారం పక్కన ఒక ముసలాయన కూర్చుని ఉంటాడు. ఎర్ర గౌనులో అన్నా నెట్రెబ్కో తడబడే అడుగులతో వచ్చి ఆయన దాకా నడుస్తుంది. ఆయన డాక్టర్ గ్రెన్విల్ అని తర్వాత తెలుస్తుంది. లిబ్రెట్టోలో, అంటే ఒపేరా మాటల ప్రతిలో, నాలుగు మాటలు తప్ప లేని పాత్ర అది. ఆ డాక్టర్ పార్టీలోనూ, ప్రేమ ముచ్చట్లలోనూ మౌనంగా చుట్టుపక్కలే ఉంటాడు. ఆ ప్రెలూడ్‌లో ఎవరూ ఒక్క మాట అనరు. మూడు అంకాలకు సరిపడా విషయం అక్కడ చెప్పేశారు.

ఈ చూపుతో చూస్తే సంప్రదాయ ప్రొడక్షన్లలోనూ కొన్ని తేలిపోతాయి. మెట్రోపాలిటన్ ఒపేరాలో (మెట్) 1981 నుంచి నడుస్తున్న జెఫిరెల్లి 'లా బోయెమ్' రెండో అంకంలో తెర లేవగానే చప్పట్లు పడతాయి. రెండంతస్తుల వీధి, వందల మంది జనం, గుర్రం, గాడిద. నాకూ మొదటిసారి కళ్లు చెదిరాయి. కానీ ఆ సందడిలో ప్రేమికులు మిమీ, రొడోల్ఫో ఎక్కడున్నారో వెతుక్కోవాల్సి వస్తుంది. ఆర్కెస్ట్రా ఆ ఇద్దరి వైపు తిరిగినప్పుడు కూడా నా కళ్లు గాడిద మీదే ఉన్నాయి. అదే ఒపేరా చివర్లో మిమీ ఏ కేకా లేకుండా ప్రాణం విడుస్తుంది. ఆ సంగతి ముందు ఆర్కెస్ట్రాకు తెలుస్తుంది, తర్వాత స్నేహితుడు షొనార్‌కు, ఆ తర్వాత మిగతా స్నేహితులకు, అందరికంటే ఆఖరున రొడోల్ఫోకు. స్నేహితుల ముఖాలు చూసి అతనికి అర్థమవుతుంది. ఈ వరుసను సరిగ్గా పట్టుకున్న దర్శకుడికి ఒక మంచం, నాలుగు కుర్చీలు చాలు. పట్టుకోని వాళ్లకు పారిస్ మొత్తం కట్టించినా లాభం లేదు.

యంత్రాల మోజు గురించి క్లుప్తంగా చెప్తాను. రాబర్ట్ లెపాజ్ మెట్‌లో 2010 నుంచి 2012 వరకు చేసిన 'రింగ్'కు 24 పలకల భారీ యంత్రం, దాదాపు 45 టన్నుల బరువు. కథనం పాతదే, పరికరం కొత్తది. తొలి రాత్రి 'రైన్‌గోల్డ్' చివర్లో, దేవతలు ఇంద్రధనుస్సు వంతెన ఎక్కి తమ కోట వల్హల్లాకు నడవాల్సిన చోట యంత్రం మొరాయించింది. దేవతలు స్టేజీ పక్కకు వెళ్లిపోయారు. ఒక్క రాత్రి పొరపాటును నేను తప్పు పట్టను. అయితే మెత్తటి సంగీతం వస్తుండగా పలకలు కిర్రుమనడం ఆ తర్వాతా వినపడింది. సంగీతాన్ని వినపడనీయని సెట్టు ఎంత అందంగా ఉన్నా నాకు అక్కర్లేదు.

కష్టమైన ఉదాహరణలూ ఉన్నాయి. 2018లో ఫ్లోరెన్స్‌లో లియో ముస్కాటో 'కార్మెన్' ముగింపు మార్చాడు. చచ్చేది కార్మెన్ కాదు, ఆమె డాన్ హోసేను కాల్చేస్తుంది. ఆడవాళ్ల హత్యకు చప్పట్లు కొట్టకూడదన్నది వాళ్ల ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. కానీ బిజే రాసిన చివరి మాటలు హోసేవి: నన్ను పట్టుకోండి, చంపింది నేనే అని. మొదటి నుంచి ఆమెను వెంటాడే విధి స్వరం చివర్లో విరుచుకుపడేది ఆమె మీద. లోపల ఎద్దుల పోటీలో జనం ఉత్సాహంగా పాడుతుంటే బయట ఒక మనిషిని పొడిచేస్తున్నారు. ఆ సంగీతం ఈ హత్యను మెచ్చుకోవడం లేదు, మనల్ని నిలదీస్తోంది. దాన్ని పూర్తిగా వినిపిస్తే ప్రేక్షకుడికి ఊపిరాడదు. ముగింపు మార్చి ఆ నిలదీతను తీసేశారని నా బాధ.

2013లో డ్యూసెల్‌డార్ఫ్‌లో 'టాన్‌హాయిజర్' సంగతి మరీ దారుణం. నాజీ గ్యాస్ చాంబర్ దృశ్యాలు చూసి కొందరు ప్రేక్షకులు వైద్యం చేయించుకోవాల్సి వచ్చింది. దర్శకుడు మార్పులకు ఒప్పుకోలేదు. తొలి ప్రదర్శన తర్వాత ఆ ప్రొడక్షన్‌ను ఆపేసి కచేరీ రూపంలో పాడించారు. దర్శకుడి మీద విరుచుకుపడటం సులువు. ఆ దృశ్యాలు రాత్రికి రాత్రి స్టేజీ మీదికి రావు కదా. మోడల్ చూసి ఒప్పుకున్నప్పుడు, రిహార్సల్స్ నడుస్తున్నప్పుడు, ఈ సంగీతంలో ఇది ఎక్కడుంది అని సంస్థ తరఫున అడగాల్సిన మనిషి ఒకరు ఉండాలి. ప్రేక్షకుల ఆగ్రహం చూశాక రద్దు చేస్తే దర్శకుడికీ న్యాయం జరగదు, గాయకులకూ జరగదు.

ఆ అడిగే మనిషి కండక్టరే కావాలని నా అభిప్రాయం. దర్శకుడు సెట్టు డిజైన్ ఖాయం చేసుకున్నాక, వారాల తరబడి పియానోతో రిహార్సల్స్ అయ్యాక కండక్టర్ వచ్చి చేరే పద్ధతి చాలాచోట్ల ఉంది. అప్పటికి మార్చడానికి ఏమీ మిగలదు, అందరికీ టెన్షన్ తప్ప. డిజైన్ ఒప్పుకోకముందే దర్శకుడినీ కండక్టర్‌నీ స్కోరు ముందు పెట్టుకుని కూర్చోబెట్టండి. పాట లేని ప్రతి చోటా ఏం చేయబోతున్నారో ఒకరికొకరు చెప్పుకోమనండి. ఆ చోట్ల ఏమీ చేయకపోవడం కూడా ఒక నిర్ణయమే. మోజార్ట్ 'ఫిగారో' ఓవర్చర్‌లో, అంటే మొదట్లో వాద్యాలు మాత్రమే వాయించే భాగంలో, ఒపేరాలోని పాటల వరస ఒక్కటీ రాదు. నాలుగు నిమిషాల ఉరుకులు పరుగులు అది. దాని మీద పనివాళ్లు మెట్లెక్కుతూ దిగుతూ ఉండే దృశ్యం ఎందుకు? తెర మూసి ఉంచండి, విననివ్వండి. 'డాన్ జొవాన్ని' ఓవర్చర్ వేరు. చివర్లో రాతి విగ్రహం భోజనానికి వచ్చేటప్పటి సంగీతంతోనే అది మొదలవుతుంది. అక్కడ ఏదైనా చూపించడానికి దర్శకుడికి కారణం ఉంది.

పాడే మాటల అనువాదాన్ని స్టేజీ దగ్గర తెర మీద చూపే సర్‌టైటిల్స్ గురించి కూడా చెప్పాలి. 1983లో టొరంటోలో 'ఎలెక్ట్రా'తో మొదలైన ఈ ఏర్పాటు వల్లే ఇటాలియన్, జర్మన్ రాని నాలాంటి వాళ్లు ఒపేరాకు దగ్గరయ్యాం. గాయకుడు కత్తి అని పాడుతూ చేతిలో పిస్తోలు పట్టుకుంటే, తెర మీది మాటను ప్రొడక్షన్‌కు సరిపోయేలా దిద్దడం కొన్నిచోట్ల అలవాటైపోయింది. దయచేసి ఆ పని చేయకండి. పాడుతున్నది ఏమిటో మాకు ఉన్నదున్నట్టు చెప్పండి. దృశ్యానికీ మాటకూ తేడా ఉంటే ఆ తేడాను మేమే చూసి ఆలోచించుకుంటాం. టికెట్ అమ్మేటప్పుడు కూడా అలాగే నిజం చెప్పండి. మొదటిసారి 'రిగొలెట్టో' చూడటానికి వచ్చేవాళ్లకు అది ఏ కాలంలో, ఎలా ఉండబోతోందో నాలుగు ఫొటోలతో ముందే తెలిస్తే సిద్ధపడి వస్తారు.

తోటి ప్రేక్షకులకూ ఒక మాట. నచ్చకపోతే తెర పడ్డాక బూ అనండి, అది మీ హక్కు. సంగీతం నడుస్తుండగా అరవకండి. 2015లో లండన్ రాయల్ ఒపేరా హౌస్‌లో 'గియోమ్ టెల్' మధ్యలో, సైనికులు ఒక స్త్రీ మీద చేసే అఘాయిత్యం దృశ్యానికి ఆట సాగుతుండగానే బూలు మొదలయ్యాయి. ఆ దృశ్యం మితిమీరిందనే నేనూ అనుకుంటాను. తర్వాతి ఆటల్లో దాన్ని తగ్గించారు కూడా. అయినా ఆ అరుపులు పడింది పాపం వాయిస్తున్నవాళ్ల మీద, నటిస్తున్నవాళ్ల మీద.

చివరిగా మీ నుంచి నేను కోరేది ఒకటే. ప్రతి కొత్త ప్రొడక్షన్‌కు ముందు ఒక సాయంత్రం రిహార్సల్‌ను మాకు తెరవండి. దుస్తులు, లైట్లు ఏవీ అక్కర్లేదు. పియానో, దర్శకుడు, కండక్టర్, గాయకులు ఉంటే చాలు. మాటలు లేని ఏదో ఒక ఘట్టం, 'టోస్కా'లోని ఆ కొవ్వొత్తుల చోటులాంటిది, మా ఎదుట రెండు మూడు రకాలుగా చేసి చూపించండి. ఎందుకు ఇలా ఎంచుకున్నారో దర్శకుడి నోట చెప్పించండి. ఆయన చెప్పేది మాకు నచ్చకపోవచ్చు, కానీ కనీసం స్కోరు దగ్గర నిలబడి వాదించుకుంటాం. దానికి టికెట్ పెట్టినా కొని వస్తాం.

ఇట్లు,
ఒపేరా ప్రేక్షకుడు